వేగస్‌లో కార్తీక సోమవారం

లాస్ వేగస్‌కి చవగ్గా వెళ్లి రావడం ఎలాగో ఎవరైనా అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంది. హోటల్, బస్సు పాసు, ఎక్కడ ఏది ఉచితం, ఎన్ని గంటలకు వెళ్తే క్యూ ఉండదు, అన్నీ అందులో ఉన్నాయి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగినా ఇప్పుడు ఇవ్వను.

మేముండేది అమెరికా నడిమధ్య బెంటన్‌విల్‌లో. ఊరంతా ఒక పెద్ద దుకాణాల కంపెనీ హెడ్డాఫీసు చుట్టూ పెరిగింది. నాలాంటి కాంట్రాక్టర్లు పగలంతా ధరల తాలూకు సాఫ్ట్‌వేర్ రాసి, సాయంత్రం వాట్సాప్‌లో మళ్లీ ధరల గురించే మాట్లాడుకుంటారు. ఎవరికి ఇండియా టికెట్ ఎంతకు దొరికింది, ఎవరి ఇన్సూరెన్స్ ఎంత తగ్గింది. ఆ గ్రూపులో నన్ను ఆఫర్ల అన్నయ్య అనేవాళ్లు. వెక్కిరింపే. అయినా నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

మా అత్తగారు వేసవి మొదట్లో వచ్చారు. మామగారికి ఇంకా సర్వీసు ఉంది కాబట్టి ఒక్కరే వచ్చారు. నవంబర్ ఆఖరుకి తిరుగు ప్రయాణం. ఈ ఆరు నెలల్లో ఆవిడ చూసిన అమెరికా అంటే మా ఇల్లు, మా ఊరి గుడి, ఇండియన్ స్టోర్, మా పిల్ల స్కూల్ బస్సు ఆగే మలుపు. ఒక రాత్రి మా ఆవిడ గిన్నెలు సర్దుతూ, "అమ్మ వెళ్లిపోతోంది. ఒక్క ఊరైనా చూపించావా?" అని అడిగింది. అడిగిన తీరులో నీ మొహానికి అదొకటా అన్నది కూడా ఉంది. నాకు రోషం వచ్చింది. కూర్చుని వెతికాను.

శనాదివారాల్లో కొండెక్కి కూర్చునే వేగస్ గదులు సోమవారం వచ్చేసరికి ఎవరికీ అక్కర్లేనట్టు పడి ఉంటాయి. మా చిన్న ఎయిర్‌పోర్టు నుంచి ఒక చవక విమానం తిన్నగా అక్కడికే వెళ్తుంది. అది వారానికి రెండు రోజులే, సోమవారం, గురువారం. గంటలో అన్నీ బుక్ చేసేశాను. అన్నీ నాన్ రిఫండబులే. మనసు మార్చుకునే హక్కు వదులుకుంటే ధర సగానికి పడిపోతుంది. నా జీవితమంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది. పిల్లకి జ్వరం అని స్కూల్‌కి మెయిల్ పెట్టడానికి కూడా మా ఆవిడని ఒప్పించాను.

ఆదివారం సాయంత్రం వంటింట్లో చింతపండు వాసన వచ్చింది. అత్తగారు పులిహోర కలుపుతున్నారు. దారిలోకా అని అడిగాను. కాదు బాబూ, రేపు రాత్రికి, అన్నారు. రేపు కార్తీక సోమవారమట. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం చుక్కలు చూశాక భోంచేస్తారు. కార్తీకంలో వచ్చే సోమవారాలన్నీ ఆవిడకి ఇదే వరస, పెళ్లికి ముందు నుంచీ. కిందటి సోమవారం కూడా మా అమ్మాయిని తోడు తీసుకుని పెరట్లోకి వెళ్లి చూసొచ్చి మరీ తిన్నారు.

ఫ్రిజ్ మీద ఇండియన్ స్టోర్ వాళ్లిచ్చిన తెలుగు కాలెండర్ వేలాడుతూనే ఉంది. నేను విమానం తారీఖులు చూశాను గానీ దాన్ని చూడలేదు. మా ఆవిడ చూసిందిట, చెప్పేలోపే నేను టికెట్లు తీసేశానుట. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అత్తగారు మాత్రం, "పర్లేదు బాబూ, చుక్కలు ఆ ఊళ్లోనూ వస్తాయి గదా" అన్నారు.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఆ విమానంలో సీటు కింద పట్టే సంచీ ఒక్కటే ఉచితం, పైన పెట్టుకునే పెట్టెకి డబ్బులు కట్టాలి. అందుకని నేను మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నాను. అత్తగారి సంచీలో ఒక చీర, మాత్రల డబ్బా, స్టీలు డబ్బాలో పులిహోర. సెక్యూరిటీ వాళ్లు ఆ డబ్బా తెరిపించారు. అక్కడ నిలబడ్డ యూనిఫాం అతను ముక్కు దగ్గర పెట్టుకోబోతే, మడితో చేశాను చెప్పండి బాబూ అని అత్తగారు నన్ను వెనక నుంచి పొడిచారు. మడిని ఇంగ్లిష్‌లో ఏమంటారో నాకు తెలిస్తేగా.

దిగేసరికి అక్కడ ఇంకా పొద్దున్నే. గడియారం రెండు గంటలు వెనక్కి వెళ్లింది. ఆ రెండు గంటలు ఆవిడ ఉపవాసానికి కలిశాయని అప్పుడు నాకు తట్టలేదు.

హోటల్ కౌంటర్లో మొదటి దెబ్బ తగిలింది. గది అద్దె కంటే రిసార్ట్ ఫీజు ఎక్కువ, రోజు రోజుకీ కట్టాలట. ఈత కొలనుకి, ఫోన్‌కి, వైఫైకి అని చెప్పింది ఆ అమ్మాయి. మాకు ఈత రాదన్నాను. నవ్వింది, కట్టించుకుంది. గది ఇప్పుడే కావాలంటే దానికి ఇంకో ఫీజు, లేకపోతే మూడింటి దాకా ఆగాలి. ఆగుతామన్నాను. సంచులు వాళ్ల దగ్గర పెడితే దానికీ టిప్పు ఇవ్వాలని భయపడి, మోసుకునే బయల్దేరాం. కారు అద్దెకి తీసుకోలేదు. కారు చవకే, దాన్ని నిలబెట్టే చోటే ఖరీదు.

ఆ ఊరి మోసం ఏమిటంటే భవనాలన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. అదిగో, రెండు నిమిషాలు అనుకుని నడిస్తే అరగంట పడుతుంది. రోడ్డు దాటడానికి ఎస్కలేటరెక్కి వంతెన మీద నడిచి మళ్లీ దిగాలి. వంతెన తిన్నగా అవతలికి పోదు, ఎవడో ఒకడి జూదశాలలోంచి తీసుకుపోతుంది. ఎడారి ఊరు కదా అని వెచ్చగా ఉంటుందనుకుంటే గాలి చెవులు కోసింది. మధ్యాహ్నానికి ఎండ మాడ్చింది. పై రెండు చొక్కాలూ విప్పి నడుముకి కట్టుకున్నాను. మా అమ్మాయి నన్ను చూసి నవ్వి, నాకు దూరంగా నడిచింది.

అత్తగారు మా ఆవిడ చెయ్యి వదల్లేదు. ఎస్కలేటర్ దగ్గర కాలు ముందుకి వేసి, వెనక్కి తీసి, మళ్లీ వేసేవారు. వెనకాల జనం ఆగిపోయేవారు. రెండుసార్లు పేవ్‌మెంట్ అంచు దగ్గర తూలారు. ఉపవాసం నీరసం అనుకున్నాం. నిజం చెప్పాలంటే నేను అలా కూడా అనుకోలేదు, నా షీట్‌లో పదకొండు గంటలకి ఉండాల్సిన పూలతోట పన్నెండైనా రాలేదనుకున్నాను. కొంచెం త్వరగా నడుద్దాం అత్తయ్యగారూ, అని మూడుసార్లు అన్నాను. మూడోసారి మా ఆవిడ వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. తర్వాత అనలేదు.

ఆ పూలతోట చూశాం, ఉచితం. గుమ్మడికాయలతో కట్టిన పెద్ద బొమ్మలు పెట్టారు. అత్తగారు చేత్తో తడిమి, "నిజం గుమ్మడికాయే" అన్నారు. ముట్టుకోకూడదని బోర్డు ఉందని నేను గాభరా పడ్డాను. అగ్నిపర్వతం పేలే బొమ్మ ఉచితమని షీట్‌లో రాసుకున్నాను, తీరా వెళ్తే దాన్ని ఎప్పుడో పడగొట్టేశారట. చుట్టూ కంచె.

ఇక బఫే సంగతి. పనిరోజుల్లో మధ్యాహ్నం బఫే సగం ధర అని నలుగురికీ ముందే కొనేశాను. అదీ నాన్ రిఫండబులే. ఉపవాసం ఉన్న మనిషిని బఫేకి తీసుకెళ్లిన ఘనుణ్ని ఆ ఊళ్లో నేనొక్కణ్నే అయ్యుంటాను. బయట కూర్చుంటాను బాబూ అన్నారు ఆవిడ. డబ్బులు కట్టేశాం, లోపల కుర్చీలోనైనా కూర్చోండి అన్నాను. పీతల వాసన, మాంసం కోసే చోట పొగ. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఒక గ్లాసు పాలు మాత్రం తాగారు. నేను ఇద్దరి డబ్బులు రాబట్టాలని ఇద్దరి తిండి తిన్నాను. ఇప్పటికీ ఆ కడుపు ఉబ్బరం తల్చుకుంటే సిగ్గేస్తుంది.

అక్కడే మా ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నావా అమ్మా అని. వేసుకున్నానన్నారు. ఏమీ తినకుండా ఎలా వేసుకున్నావంటే, రోజూ వేసుకుంటాను గదా అన్నారు. మా ఆవిడ మొహం పాలిపోయింది. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ దబ్బున పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, మనిషి పడిపోవచ్చు. పళ్లైనా తిను, కేకు ముక్కైనా తిను అని బతిమాలింది. నేను అల్లుడి హోదాలో గట్టిగా చెప్పి చూశాను. ఆవిడ నవ్వి, ఎంతసేపు బాబూ, చీకటి పడగానే తింటానుగా అన్నారు. నలభై ఏళ్ల పట్టు మీద నా మాట ఎంత.

సరే, చీకటి పడగానే. ఆ క్షణం నుంచి మేం ఆ ఊరిని చూడ్డం మానేసి సూర్యుణ్ని చూడ్డం మొదలుపెట్టాం. నవంబర్‌లో అక్కడ పొద్దు తొందరగానే గూకుతుంది. నాలుగున్నరకే సూర్యుడు కొండల వెనక్కి దిగాడు. హమ్మయ్య అనుకున్నాను. నీళ్లు పాటకి ఎగిరే కొలను గట్టు మీద నలుగురం చేరాం. అత్తగారి ఒళ్లో పులిహోర డబ్బా, మూత మీద చెయ్యి.

ఐదైంది. ఐదున్నరైంది. చీకటి పడలేదు. పడే వీల్లేదు. సూర్యుడు పోయిన చోట ఎర్రవి, నీలివి, ఊదావి దీపాలు వెలిగాయి. ఎదురుగా భవనమంత టీవీలో ఎవరో పాడుతున్నారు. ఆకాశం కాఫీ ఒలికిన గుడ్డలా అదో రంగులోకి మారింది. తల వెనక్కి వంచి మెడలు నొప్పి పుట్టేలా చూశాం. ఒక్క చుక్క లేదు.

మా అమ్మాయి ఒక్కసారి ఎగిరి, "అమ్మమ్మా, స్టార్! అక్కడ!" అంది. అత్తగారు చప్పున చేతులు జోడించారు. డబ్బా మూత కూడా తీశారు. ఆ చుక్క నెమ్మదిగా కిందికి దిగింది, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. వరసగా దిగుతున్న విమానాలు. అది విమానం అమ్మా అని మా ఆవిడ నీరసంగా చెప్పింది. అత్తగారు మూత పెట్టేశారు. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది, ఆ విమానాల మీద వచ్చింది, ఆ పాడేవాడి మీద వచ్చింది.

ఫోన్‌లో చుక్కలు చూపించే యాప్ ఉంది. ఆకాశం వైపు పట్టుకుంటే అక్కడ ఏ నక్షత్రం ఉందో గీతలు గీసి మరీ చూపిస్తుంది. ఇదిగో ఇక్కడుంది చూడండి అని ఆవిడ మొహం ముందు పెట్టాను. ఫోన్‌లో ఉన్నది చుక్క కాదు గదా బాబూ అన్నారు. ఇండియాలో చుక్కలు వచ్చి పోయి తెల్లారిపోయింది, ఆ లెక్కన తినెయ్యండి అన్నాను. తల అడ్డంగా ఊపారు. ఆఖరికి మా గుడి పూజారిగారికి ఫోన్ చేశాను. ఆయన పాపం మంచివాడు. మబ్బు పట్టి కనబడకపోతే మనసులో తల్చుకుని భోంచేయవచ్చండీ, దోషం లేదు అన్నారు. స్పీకర్‌లో పెట్టి వినిపించాను. అత్తగారు అంతా శ్రద్ధగా విన్నారు.

"మబ్బు లేదు గదా బాబూ," అన్నారు.

లేదు. ఎడారి. ఏడాదికి నాలుగు చినుకులు పడని ఊరు. మబ్బు ఎక్కణ్నించి తేను? నా అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికే ఆవిడ చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. మా ఆవిడ ఆ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని నా వైపు చూస్తోంది, నువ్వే తెచ్చావు, నువ్వే ఏదో చెయ్యి అన్నట్టు.

ఎత్తుకి వెళ్తే కనబడొచ్చని ఒక హోటల్ పార్కింగ్ కట్టడం పైఅంతస్తుకి ఎక్కించాను. లిఫ్ట్ పనిచేయలేదు. ఏడు అంతస్తులు. ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ ఎక్కారు. పైకి వెళ్లేసరికి ఆకాశంలోకి టార్చిలా వెలుగు కొడుతున్న ఇంకో భవనం. సెక్యూరిటీవాడొచ్చి, మీ కారు ఎక్కడుంది అన్నాడు. కారు లేదన్నాను. కారు లేనివాళ్లు ఇక్కడ ఉండకూడదు, దిగండి అన్నాడు. మేం చుక్కలు చూడ్డానికి వచ్చాం అంటే, నేను తాగి ఉన్నానేమో అని దగ్గరికొచ్చి వాసన చూశాడు. మళ్లీ ఏడు అంతస్తులు.

కింద మెట్ల మీద ఆవిడ కూలబడ్డారు. నుదుటి మీద చెమట. ఊరు బయటికి టాక్సీలో వెళ్తే ఎంతవుతుందో యాప్‌లో చూశాను. చూసి, ఇంకో యాప్‌లో చూశాను. పది నిమిషాలాగితే రేటు తగ్గుతుందేమో అని నా నోట్లోంచి వచ్చింది. మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని బటన్ నొక్కేసింది.

డ్రైవర్ ఇథియోపియా నుంచి వచ్చినవాడు. చుక్కలు కనబడే చోటికి తీసుకెళ్లమంటే మొదట అర్థం కాలేదు. ఉపవాసమని చెప్పగానే అర్థమైంది. మా అమ్మకీ ఇలాంటి ఉపవాసాలే అని, తిరుగు ప్రయాణానికి అక్కడ కార్లు దొరకవు, ఆగుతాను అన్నాడు. ఆగినంతసేపూ డబ్బులు అవుతాయని నేను లోపల లెక్క వేస్తూనే ఉన్నాను. వెనక సీట్లో అత్తగారు మా ఆవిడ భుజం మీద తల వాల్చారు. అమ్మా, మాట్లాడు, నిద్రపోకు అని మా ఆవిడ పదే పదే అంటోంది. నా షీట్ లేదు, లెక్క లేదు, ఈవిడ తినాలి, ఇంకేమీ వద్దు అని నాకూ అనిపించింది. అనిపించి, మళ్లీ కళ్లు యాప్‌లో రేటు మీదకే పోయాయి.

ఇళ్లు అయిపోయాయి. వీధి దీపాలు అయిపోయాయి. కొండలు నల్లగా దగ్గరికొచ్చాయి. ఎర్రమట్టి గుట్టల పక్కన రోడ్డు వెడల్పైన చోట కారు ఆపి, డ్రైవర్ తనంతట తనే లైట్లన్నీ ఆర్పేశాడు.

దిగాం. తల ఎత్తాను. నా జన్మలో అన్ని చుక్కలు చూడలేదు. చుక్క పక్కన చుక్క, వాటి మధ్య పిండి చల్లినట్టు ఇంకా చిన్నవి. పొద్దుటి నుంచి పేరుకున్న చికాకంతా ఒక్క నిమిషం ఎటో పోయింది. మా అమ్మాయి నోరు తెరిచి గుండ్రంగా తిరుగుతోంది. మా ఆవిడ ఏడ్చేసింది. అదిగో అమ్మా, అదిగో అంటోంది.

అత్తగారు కారు తలుపు పట్టుకుని నిలబడి చేతులు జోడించారు. కళ్లు మూసుకుని ఏదో చదువుకున్నారు. కళ్లు తెరిచి మొహం పైకెత్తారు. ఊరి వెలుగు ఎర్రగా కనిపిస్తున్న వైపుకి.

"అమ్మమ్మా, నువ్వు రాంగ్ సైడ్ చూస్తున్నావు," అంది పిల్ల. "ఇటు. ఇటు ఉన్నాయి."

ఆవిడ అటు తిరిగారు. ఇంకొంచెం తిరిగారు. చీకట్లో ఎవరినో వెతుకుతున్నట్టు మొహం అటూ ఇటూ తిప్పారు.

"ఎక్కడమ్మా?" అన్నారు.

నా ఓపిక అక్కడ తెగింది. పొద్దుటి నుంచి పళ్లబిగువున ఆపుకున్నదంతా బయటికొచ్చింది.

"నూట పది డాలర్లు పోసి తీసుకొచ్చాను అత్తయ్యగారూ. నెత్తి మీద ఇన్నేసి ఉంటే ఎక్కడా అంటారేంటి?"

అల్లుడు అత్తగారితో అనే మాట కాదు అది. ఏ మనిషీ ఏ మనిషితోనూ అనకూడదు. ఆ నిశ్శబ్దంలో నా గొంతు గుట్టలకి తగిలి నాకే వినిపించింది. ఆవిడ మొహం దించుకున్నారు.

"కోప్పడకండి బాబూ. నాకు కనబడవు."

మా ఆవిడ, కనబడవంటే ఏమిటమ్మా అంది. ఆవిడ తప్పు చేసి దొరికిపోయినట్టు నెమ్మదిగా చెప్పారు. రెండు కళ్లకీ శుక్లాలట. చుక్కలు చూసి రెండేళ్లయిందట. మనుషులు మసగ్గా తెలుస్తారు, గుమ్మాలు తెలుస్తాయి, సన్నవి ఏవీ తెలియవు. ఇంటి దగ్గర మామగారు చుక్క వచ్చిందంటే అటు దణ్ణం పెట్టేసుకునేవారు. ఇక్కడ మనవరాలిని అడిగేవారు. ఎవరో ఒకరి కంటికి కనబడితే చాలనుకున్నారు. ఈ ఊళ్లో ఎవరికీ కనబడలేదంటుంటే, లేని చుక్క వచ్చిందని ఎలా అంటాను అన్నారు.

మా ఆవిడ ఫోన్ లైట్ వేసి తల్లి మొహం మీదకి పట్టింది. ఆరు నెలలుగా రోజూ చూస్తున్న ఆ కళ్లలో పాల మరకలాంటిది నాకూ కనిపించింది. ఆ కళ్లతోనే ఆవిడ మా ఇంట్లో కత్తిపీట మీద కూరలు తరిగారు. ఆ కళ్లతోనే మా పిల్లని రోజూ బస్సు దగ్గరికి తీసుకెళ్లారు.

"డాక్టర్‌కి చూపించావా?" అని మా ఆవిడ నిలదీసింది.

చూపించారట. ఆపరేషన్ చేస్తానని తారీఖు కూడా ఇచ్చాడట. ఎప్పుడంటే, ఇక్కడికి వచ్చే ముందు, అన్నారు.

"మరి ఎందుకు చేయించుకోలేదు?"

అత్తగారు నేను నిలబడ్డ వైపు ఒకసారి మొహం తిప్పారు. నేను ఆవిడకి ఎంత కనబడ్డానో తెలియదు.

"భయమేసిందమ్మా. కంట్లో కత్తి పెడతారంటే," అన్నారు.

అది అబద్ధం. ఆ సంగతి ఆ ఎడారిలో అత్తగారికీ నాకూ మాత్రమే తెలుసు.

ఆవిడ ఇంకా ఇండియాలో ఉండగా, వసంతకాలంలో ఒక ఆదివారం నాకు ఫోన్ చేశారు. ఎప్పుడూ కూతురికే చేసే మనిషి నాకు విడిగా చేశారు. ఇక్కడికి వచ్చే టికెట్టు ఒక నెల తర్వాతికి జరపడానికి వీలవుతుందా బాబూ అని అడిగారు. అప్పటికి ఆ టికెట్ కొన్న ధర గురించి నేను గ్రూపులో మూడు రోజులు గొప్పలు చెప్పుకుని ఉన్నాను. జరిపితే కొన్నంత ఫైన్ కట్టాలి అత్తయ్యగారూ, ఈ రేటు మళ్లీ రాదు అన్నాను. ఎందుకు జరపాలని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. అయితే వద్దులెండి బాబూ, ఊరికే అడిగాను అన్నారు. అల్లుడి చేత అదనంగా రూపాయి ఖర్చు పెట్టించడం ఆవిడ ఎరగరు. ఆ ఫోన్ మాట కూతురికి చెప్పలేదని నాకు ఆ ఎడారిలో తెలిసింది.

మా ఆవిడ తల్లిని ఎడాపెడా తిడుతోంది. భయమా, చిన్నపిల్లవా, ఆరు నెలలు దాస్తావా, నీ భయంతో ఈ పిల్లని ఏ కారు కిందో పడేసుంటే ఏం చేసేదానివి. ఏడుస్తూ తిడుతోంది. డ్రైవర్ కారు తలుపు తెరిచి లోపలి దీపం వేశాడు. అత్తగారు సీటు అంచున కూర్చుని, ఒళ్లో డబ్బా పెట్టుకుని, మూత తీసి, పులిహోర వేళ్లతో తడిమి ముద్ద చేసుకున్నారు.

"అవునమ్మా, పిరికిదాన్నే," అని ఒప్పుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

నేను ఆ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఇది రాస్తున్న ఈ రోజు వరకూ మా ఆవిడ తన తల్లి పిరికిదనే అనుకుంటోంది.